ఎముకలో గడ్డ ఉందని తేలినప్పుడు: బయాప్సీకి ముందు నుంచి ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేల వరకు

మోకాలి కింది ఎముకలో జెయింట్ సెల్ ట్యూమర్ అనే గడ్డ వచ్చి, దాన్ని ఆపరేషన్‌తో తీయించుకున్నవాణ్ణి నేను. నా తర్వాత ఇదే జబ్బుతో, లేదా ఇలాంటి మరో ఎముక గడ్డతో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ, తెలిసినవాళ్ల ద్వారా నంబరు తీసుకుని నాకు ఫోన్ చేసినవాళ్లకు చెబుతూ వచ్చిన విషయాలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను, మీ డాక్టరు చెప్పినదానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. అయితే ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పగలను: ఈ జబ్బులో ఫలితం చాలావరకు ఆపరేషన్ బల్ల ఎక్కకముందే ఖాయమవుతుంది, అందులోనూ గడ్డ నుంచి మొదటి ముక్క ఎవరు తీశారు, ఎక్కడి నుంచి తీశారు అన్నదాని మీద ఎంతో ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఈ గడ్డ స్వభావం తెలుసుకోవాలి. జెయింట్ సెల్ ట్యూమర్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసువాళ్లకు, పొడవాటి ఎముకల చివర్లలో, కీలుకు ఆనుకుని వస్తుంది. దాదాపు సగం గడ్డలు మోకాలి చుట్టూనే ఉంటాయి, ఆ తర్వాత మణికట్టు దగ్గర, వెన్నెముక అడుగున ఉండే త్రికంలో కనిపిస్తాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలోనూ చైనాలోనూ ఎముక గడ్డల్లో దీని వాటా ఎక్కువ. మామూలు అర్థంలో ఇది క్యాన్సర్ కాదు, కానీ ఉన్నచోట ఎముకను తినేస్తూ పెరుగుతుంది, తీసిన తర్వాత కూడా తిరిగి రాగలదు, అరుదుగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే ‘క్యాన్సర్ కాదులే’ అన్న మాట విని నిశ్చింతగా కూర్చోవడమూ తప్పే, ‘ట్యూమర్’ అన్న మాట విని కాలు పోతుందని ఇంటిల్లిపాదీ ఏడవడమూ తప్పే.

మొదట కనిపించేది నొప్పి. పనిచేసినప్పుడు వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పికీ, పడుకున్నా వదలకుండా రాత్రి నిద్ర లేపే నొప్పికీ తేడా ఉంది. రెండోది కొన్ని వారాలపాటు అలాగే ఉండి, దానికి వాపు కూడా తోడైతే, మాత్రలు మార్చుకుంటూ కాలం గడపకుండా ఎక్స్‌రే తీయించాలి. అది ముందు నుంచీ పక్క నుంచీ రెండు వైపులా తీసినదై ఉండాలి. మనవైపు ఇలాంటి నొప్పిని బెణుకనో వాతమనో అనుకుని నూనె పెట్టి తోమించడం, పుత్తూరు కట్టు కట్టించడం అలవాటు. విరిగిన ఎముకకు ఆ కట్టు మీద జనానికి ఎంత నమ్మకమున్నా, గడ్డ ఉన్న ఎముకను పిసికించుకోవడం మాత్రం ప్రమాదం. లోపల ఎముక గోడ అప్పటికే పలుచబడి ఉంటుంది, అది విరిగితే గడ్డలోని కణాలు చుట్టూ ఉన్న కండలోకి చేరి ఆపరేషన్ కష్టమవుతుంది. ఎక్స్‌రే రిపోర్టులో ‘లిటిక్ లీజన్’ (ఎముక కరిగి గుంత పడిన చోటు) అన్న మాట కనిపించిన రోజు నుంచే చంక కర్రలు పట్టుకుని ఆ కాలి మీద బరువు తగ్గించండి. మెట్లు ఎక్కడం, బండి కిక్ కొట్టడం మానేయండి. ఈ జాగ్రత్త పెద్ద డాక్టరు అపాయింట్‌మెంటు దొరికేదాకా ఆగకూడదు.

పరీక్షల వరుస

పరీక్షలకు ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పితే నష్టం రోగికే. ఎక్స్‌రే తర్వాత ఎంఆర్ఐ, ఆ తర్వాతే బయాప్సీ, అంటే పరీక్ష కోసం గడ్డ నుంచి చిన్న ముక్క తీయడం. ముక్క తీసినచోట రక్తం చేరి వాపు వస్తుంది కాబట్టి, బయాప్సీ తర్వాత తీసిన ఎంఆర్ఐలో గడ్డ అసలు హద్దు ఎక్కడుందో చెప్పడం కష్టం. ఊపిరితిత్తుల కోసం ఛాతీ సిటీ స్కాన్ చేయిస్తారు. దీనితోపాటు రక్తంలో క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు చేయించారా అని తప్పకుండా అడగండి. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఎముకల్లో అచ్చం ఇలాంటి గుంతలే ఏర్పడతాయి, సూక్ష్మదర్శిని కింద కూడా రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అదే కారణమైతే ఆపరేషన్ చేయాల్సింది కాలికి కాదు, మెడలోని గ్రంథికి. ఖర్చు పెద్దగా లేని ఒక రక్త పరీక్ష ఒక మనిషిని అనవసరమైన కాలి ఆపరేషన్ నుంచి కాపాడగలదు కనుకనే దీన్ని ఇంతగా చెబుతున్నాను.

ఇక బయాప్సీ. గడ్డలోకి సూది వెళ్లిన దారి పొడవునా గడ్డ కణాలు అంటుకుని ఉండవచ్చు, కాబట్టి అసలు ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసేయాల్సి రావచ్చు. ఆ సూది ఆపరేషన్ గాటు పడబోయే గీత మీదనే దిగితే ఏ ఇబ్బందీ లేదు. ఎక్కడో పక్కన దిగినా, అడ్డంగా గాటు పెట్టి ముక్క తీసినా, తర్వాత చేసే సర్జన్ మరింత చర్మాన్నీ కండనూ కోల్పోక తప్పదు. అందుకే బయాప్సీని ఆపరేషన్ చేయబోయే సర్జనే చేయాలి, లేదా ఆయన చర్మం మీద గుర్తుపెట్టిన చోట ఆయన బృందంలోని రేడియాలజిస్టు సిటీ స్కాన్ చూస్తూ చేయాలి. ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలో హెన్రీ మ్యాంకిన్ అనే ఎముక గడ్డల సర్జన్ తన సహచరులతో కలిసి 1982లో ఒకసారి, 1996లో మరోసారి ఈ విషయాన్నే పరిశీలించారు. రెండోసారి 597 మంది రోగుల వివరాలు చూసినప్పుడు, చికిత్స జరిగే కేంద్రంలో కాకుండా పంపించిన ఆసుపత్రిలోనే బయాప్సీ జరిగినవాళ్లలో పొరపాట్లు, సమస్యలు రెండు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా ఉన్నాయని తేలింది.

మా జిల్లా కేంద్రంలో మొదట చూపించుకున్న నర్సింగ్‌హోమ్‌లో, ఎంఆర్ఐ కూడా తీయకుండానే, ‘ఎల్లుండి తెరిచి గీకేద్దాం, ముక్క ల్యాబ్‌కు పంపిద్దాం, ఏదైనా తేడా ఉంటే అప్పుడు చూసుకోవచ్చు’ అన్నారు. నాతో వచ్చిన మా బావగారు మందుల కంపెనీలో పనిచేసిన మనిషి. ‘డాక్టరుగారూ, ఏ గడ్డో తెలియకుండా తెరవడం ఎందుకండీ, ఎక్స్‌రే ఇవ్వండి, హైదరాబాద్‌లో చూపించుకుని వస్తాం’ అని మర్యాదగానే చెప్పి ఫిల్ములు తీసుకున్నారు. మీకూ ఇలాంటి తొందర ఎదురైతే అదే మాట అనండి. ఈ గడ్డ విషయంలో సరైన చోటికి చేరడానికి పట్టే కొద్ది రోజుల ఆలస్యం కంటే, తప్పుగా పెట్టిన ఒక గాటు చేసే నష్టమే ఎక్కువ.

ముక్కను పాథాలజీకి మాత్రమే కాకుండా కల్చర్‌కు (ముక్కలో క్రిములున్నాయా అని పెంచి చూసే పరీక్షకు) కూడా పంపమని అడగండి. మన దేశంలో ఎముకల టీబీ తక్కువేమీ కాదు, ఎక్స్‌రేలో అది గడ్డలా కనిపించి మోసగించగలదు. రిపోర్టు వచ్చాక స్లైడ్లనూ ముక్కను దాచి ఉంచిన మైనపు బ్లాకులనూ మీరు అడిగి తీసుకోవచ్చు. మరోచోట రెండో అభిప్రాయం కావాలంటే కాగితం చాలదు, అక్కడి పాథాలజిస్టు ఆ బ్లాకుల నుంచి కొత్త స్లైడ్లు కోసి చూస్తారు. ఇంకో సంగతి: ఎక్స్‌రే చూసిన రేడియాలజిస్టు ఒకటి, స్లైడు చూసిన పాథాలజిస్టు మరొకటి చెబితే, ఆ ఇద్దరూ సర్జన్‌తో కూర్చుని మాట్లాడుకునేదాకా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. పెద్ద ఆసుపత్రుల్లో దీన్ని ట్యూమర్ బోర్డు అంటారు. మీ కేసు అక్కడ పెట్టారా అని అడగడం మీ హక్కు.

రిపోర్టులో జెయింట్ సెల్ ట్యూమర్ కాకుండా వేరే పేరు వస్తే దారి మారిపోతుంది. ఆస్టియోకాండ్రోమా అయితే ఎదిగే పిల్లల్లో ఎముక పక్కన మొలిచే గడ్డ, నొప్పి గానీ నరం మీద ఒత్తిడి గానీ లేకపోతే చాలాసార్లు తీయనే తీయరు, కానీ ఎదుగుదల ఆగిన తర్వాత కూడా అది పెరుగుతుంటే వెంటనే చూపించాలి. ఆస్టియాయిడ్ ఆస్టియోమా చిన్నదే గానీ రాత్రిళ్లు విపరీతంగా నొప్పి పెడుతుంది, యాస్పిరిన్ లాంటి మాత్రకు ఆ నొప్పి ఇట్టే తగ్గడం దాని గుర్తు, ఈ రోజుల్లో దాన్ని సూదితో వేడి పంపి కాల్చేస్తున్నారు. ఆస్టియోసార్కోమా మాత్రం క్యాన్సరే, ఎక్కువగా పది నుంచి ఇరవై ఏళ్ల పిల్లలకు వస్తుంది, ముందు కీమోథెరపీ, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో అన్నది దాని చికిత్స. అందులో ఒక్క వారం కూడా వృథా చేయకూడదు.

ఎక్కడికి వెళ్లాలి, డబ్బు సంగతి

హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం ఆసుపత్రులు, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ మనకు దగ్గర. రాయలసీమ వాళ్లు చాలామంది వెల్లూరు సీఎంసీకి వెళతారు, చిక్కు కేసులు ముంబయి టాటాకు వెళతాయి. ఎక్కడికి వెళ్లినా ఎముక గడ్డలు చూసే డాక్టరు ఏ రోజుల్లో ఓపీ చూస్తారో ముందే కనుక్కుని వెళ్లాలి, లేకపోతే ఓపీ చీటీ పట్టుకుని మామూలు ఆర్థోపెడిక్ వరుసలో రోజంతా పోతుంది. మోకాళ్లు మార్చే సర్జన్ ఎంత పేరున్నవారైనా, గడ్డలు తీయడం వేరే విద్య. ‘ఇలాంటివి మీరు తరచూ చేస్తుంటారా అండీ’ అని అడిగితే మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ చేయించుకోవాలంటే ముందస్తు అనుమతి రావాలి. దానికి బయాప్సీ రిపోర్టు, స్కాన్లు, కార్డు, ఆధార్ అడుగుతారు, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలిసి ఏమేం కావాలో రాయించుకోండి. పథకంలోకి రాని ఖర్చు పెద్దదైతే, అది ఆపరేషన్‌కు ముందే తెలిస్తే, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాలి. బిల్లు కట్టిన తర్వాత పెట్టే దరఖాస్తు వేరు, దానికి అసలు బిల్లులూ డిశ్చార్జి సమ్మరీ కావాలి, కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయవద్దు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను అడగాల్సినవి

ఎక్స్‌రేను బట్టి ఈ గడ్డను మూడు గ్రేడ్లుగా విభజిస్తారు. ఇటలీకి చెందిన కంపనాచ్చి అనే సర్జన్ 1987లో ప్రచురించిన పద్ధతి అది. ఎముక గోడ నిలిచి ఉంటే మొదటి రెండు గ్రేడ్లు, గోడ తెగి గడ్డ కండలోకి వచ్చేస్తే మూడోది. గ్రేడు తెలిస్తే ఏ ఆపరేషన్ ఎందుకన్నది మీకే అర్థమవుతుంది.

మొదటి రెండు గ్రేడ్లలో సాధారణంగా చేసేది ఎక్స్‌టెండెడ్ క్యూరెటాజ్. ఎముకకు పెద్ద కిటికీ కోసి, చిప్పలో కొబ్బరి కోరినట్టు లోపలి గడ్డనంతా గీకి తీస్తారు, ఆపైన వేగంగా తిరిగే చిన్న మర లాంటి బర్‌తో గోడలను అరగదీసి, మిగిలిన కణాలు చావడానికి ఫినాల్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ ద్రవ నైట్రోజన్ గానీ వాడతారు. కిటికీ చిన్నదైతే లోపలి మూలలు కనిపించవు, గడ్డ తిరిగి రావడానికి ఆ మూలలే కారణమవుతాయి. అందువల్ల మచ్చ చిన్నదిగా ఉండాలని సర్జన్‌ను బతిమాలవద్దు. ఖాళీని ఎముక సిమెంట్‌తో గానీ, మీ తుంటి ఎముక నుంచి తీసిన ముక్కలతో గానీ, కీలు కింద ఎముకముక్కలు పేర్చి దాని మీద సిమెంట్ పోసి గానీ నింపుతారు. సిమెంట్‌కు రెండు లాభాలున్నాయి: గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అంచుల్లోని కణాలు చస్తాయి, తర్వాతి ఎక్స్‌రేల్లో తెల్లని సిమెంట్ పక్కన కొత్తగా నల్లని మచ్చ వస్తే వెంటనే కనిపిస్తుంది. మూడో గ్రేడులో, లేదా కీలు ఉపరితలమే పోయినప్పుడు, ఆ ఎముక భాగాన్ని పూర్తిగా తీసి లోహపు కీలు అమర్చాల్సి రావచ్చు. ఆ మాట చెప్పినప్పుడు, గీకి తీయడం ఎందుకు కుదరదో ఎంఆర్ఐ మీద చూపించి చెప్పమనండి.

డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ గురించి కూడా వింటారు. ఈ గడ్డకు దాన్ని 2013లో అమెరికాలో ఆమోదించారు. తీయడానికి వీల్లేని చోట ఉన్న గడ్డకూ, మరీ పెద్ద ఆపరేషన్‌ను చిన్నది చేయడానికీ అది బాగా ఉపయోగపడుతుంది. అయితే ఆ మందు వల్ల గడ్డ చుట్టూ కొత్త ఎముక గట్టిపడి, దానిలో కణాలు దాక్కుంటాయి. అందుకే ఆ మందు తర్వాత గీకి తీసినవాళ్లలో గడ్డ తిరిగి రావడం ఎక్కువగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. మామూలు ఆపరేషన్‌తో పోయే గడ్డకు ముందే ఇంజెక్షన్లు మొదలుపెడదామంటే ఎందుకని అడగండి. మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు వాడాలి, గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

ఆపరేషన్ రోజు, ఆ తర్వాతి వారాలు

నాకు వెన్నులో మత్తు ఇచ్చారు, తెలివి ఉంది, నొప్పి లేదు. తెర అవతల బర్ తిరుగుతున్నంతసేపూ సన్నని కూత వినిపించింది, అది ఆగి, నీళ్లతో కడిగి, మళ్లీ మొదలవుతుండేది. చివర్లో ఒక్కసారిగా గది నిండా ఘాటైన వాసన వచ్చింది, అది సిమెంట్ కలుపుతున్న వాసనని మత్తు డాక్టరమ్మ చెప్పారు. ఆ చప్పుడు భరించలేమనుకునేవాళ్లు నిద్రమత్తు ఇమ్మని ముందే చెప్పుకోవచ్చు.

తర్వాతి రెండు మూడు రోజులు మోకాలి కంటే తుంటి దగ్గర, ఎముక ముక్కలు తీసినచోటే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. చాలామంది ఇదే చెబుతారు, కంగారుపడవద్దు. గాటుకు బయటివైపు కొంతమేర చర్మం తిమ్మిరిగా ఉండిపోవడం కూడా సహజమే. కంగారుపడాల్సినవి వేరే ఉన్నాయి: పిక్క బిగిసి వాయడం, పాదం పైకి ఎత్తలేకపోవడం, జ్వరంతో గాటు నుంచి చీము కారడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా ఉదయం రౌండ్ల దాకా ఆగకుండా సిస్టర్‌ను పిలవాలి, ఇంట్లో ఉంటే ఆసుపత్రికి బయలుదేరాలి.

మత్తు దిగగానే పాదాన్ని కిందికీ పైకీ ఆడించడం మొదలుపెట్టాలి, రక్తం గడ్డకట్టకుండా కాపాడేది అదే. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని మంచం వైపు నొక్కి, తొడ కండ బిగించి కొద్దిసేపు ఆపి వదలడం రెండో వ్యాయామం. ఇంటికి వచ్చాక పెద్దవాళ్లు ప్రేమకొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. హాయిగా ఉన్నా దాన్ని తీయించేయండి, అలా వంగి ఉండిపోయిన మోకాలిని తర్వాత పూర్తిగా చాపడం ఎంతో కష్టం. బరువు ఎప్పుడు మోపాలన్నది ఖాళీని దేనితో నింపారన్నదాన్ని బట్టి ఉంటుంది. సిమెంట్ ఆపరేషన్ బల్ల మీదే గట్టిపడుతుంది కాబట్టి త్వరగా నడిపిస్తారు, ఎముక ముక్కలైతే అవి అతుక్కునేదాకా నెలల తరబడి ఆగాలి. పక్క మంచం మనిషి నడుస్తున్నాడని మీరు నడవకూడదు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే డిశ్చార్జికి ముందే కమోడ్ కుర్చీ తెప్పించి ఉంచండి, గొంతుక్కూర్చోవడం చాలాకాలం కుదరదు. కాలు బాగైతే మెట్లదారిన కొండకు వస్తామని మొక్కుకునేవాళ్లు చాలామంది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి కనుక, ఆ మొక్కు తీర్చే రోజు ఎప్పుడన్నది సర్జన్‌నే అడిగి నిర్ణయించుకోవాలి.

గీకి తీసిన గడ్డ మొత్తాన్నీ మళ్లీ పాథాలజీకి పంపుతారు. ఆ తుది రిపోర్టు బయాప్సీ రిపోర్టుతో సరిపోయిందా అని కుట్లు తీయించుకునే రోజు అడగండి. చాలామంది ఈ కాగితాన్ని తీసుకోనే తీసుకోరు.

తిరిగి వస్తే పట్టుకోవడం

ఈ గడ్డ తిరిగి వచ్చేటట్లయితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. అందుకే మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకొకసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి మోకాలి ఎక్స్‌రే తీయించుకోమంటారు, ఛాతీ ఫిల్ము కూడా మధ్యమధ్యలో తీస్తారు. నొప్పి లేదు, ఉద్యోగంలో చేరాం, సెలవు దొరకదు అన్న కారణాలతో మానేసేది సరిగ్గా ఈ దశలోనే. తొందరగా కనిపెడితే మళ్లీ గీకి తీయడంతో సరిపోయేది, ఆలస్యమైతే కీలునే తీసేసేదాకా వెళుతుంది. ఆడవాళ్లలో గర్భం దాల్చినప్పుడు ఈ గడ్డ వేగంగా పెరగడం డాక్టర్లు చూశారు, కాబట్టి గర్భం అనుకునే ముందు ఒకసారి సర్జన్‌కు చూపించుకుని, ప్రసూతి డాక్టరుకు కూడా ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలి.

డిశ్చార్జి అయ్యే ముందు తీసిన మొదటి ఎక్స్‌రేను ప్రత్యేకంగా దాచుకోండి, సీడీ ఉంటే ఫోన్‌లోకీ ఎక్కించుకోండి. సిమెంట్ చుట్టూ సన్నని నల్లగీత ఉండటం మామూలే. అది పెరుగుతోందా లేదా అన్నది ఆ మొదటి ఫిల్మును పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది, ఇవాళ్టి ఒక్క ఫిల్మును చూసి కొత్త డాక్టరు ఎవరూ చెప్పలేరు. రెండు తేదీల మధ్యలో పాత నొప్పి లాంటిదే మళ్లీ మొదలైతే తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ వారమే ఎక్స్‌రే తీయించుకుని, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి.